సూదన్న దుంపల గుట్ట

అనగనగా ఎర్రమట్టి గుట్టలున్న ఒక అడవి. ఆ అడవిలో సూదన్న అనే ముళ్ళపంది ఉండేవాడు. అతని భార్య పేరు నేరేడి. వాళ్ళకు ముగ్గురు పిల్లలు. అందరికన్నా చిన్నది చిట్టి.

సూదన్నకు వాళ్ళ నాన్న ఇచ్చిపోయిన ఆస్తి ఒక చిన్న గుట్ట. దాని నిండా అడవిదుంపల తీగలు. ఆ గుట్టకు తాతల నాటి పద్ధతి ఒకటుంది. దుంప తవ్వితే కింది భాగం తినాలి. తీగ మొలిచే తలను తిరిగి మట్టిలో పాతాలి. రెండు వానాకాలాలు గడిస్తే ఆ తల మళ్ళీ దుంప అవుతుంది. అందుకే గుట్టంతా ఒకేసారి తవ్వకూడదు. ఈ మూల కొంత, ఆ మూల కొంత తవ్వుకోవాలి. పని ఎక్కువే. ఐదు కడుపులూ నిండేవి. మిగిలేది మాత్రం ఏమీ ఉండేది కాదు.

ఒకరోజు కోరయ్య అనే అడవిపంది అటుగా వచ్చాడు.

"ఏం సూదన్నా, గోళ్ళు అరిగేలా తవ్వుతున్నావు! ఈ గుట్ట నాకిచ్చెయ్. రోజూ నీ బొరియ ముందు మొక్కజొన్న పొత్తులు తెచ్చి పడేస్తా. కూర్చుని తినొచ్చు" అన్నాడు.

"వద్దులే. ఇది మా నాన్న ఇచ్చింది" అన్నాడు సూదన్న.

రెండోసారి కోరయ్య నోటినిండా పొత్తులతో వచ్చాడు. పిల్లలు ఎగబడి తిన్నారు. చిట్టి ఒంటినిండా పాలగింజలు అంటించుకుంది. ఆ రోజూ సూదన్న వద్దనే అన్నాడు. కానీ మర్నాడు తవ్వుతుంటే మట్టి మరీ గట్టిగా ఉన్నట్టు అనిపించింది.

మూడోసారి వచ్చేసరికి సూదన్న ముందుకాలి గోరు రాయికి తగిలి చీలిపోయి ఉంది. పెద్దపిల్లాడు "నాన్నా, ఇవాళ కూడా దుంపలేనా?" అని అడిగాడు.

సూదన్న ఒప్పుకున్నాడు.

"ఏమయ్యా, ఆ పొత్తులు కోరయ్య పండించినవా?" అంది నేరేడి. "ఎవరిదో చేను. ఎప్పుడు కోసేస్తారో ఏమో. గుట్ట పోతే పిల్లలకేం పెడతాం?"

"ఇల్లు నడిపేది నేను. నువ్వు ఊరుకోవే" అన్నాడు సూదన్న.

పిల్లలు ఇష్టంగా తింటుంటే చూడాలని అతనికి నిజంగానే ఉంది. ఒళ్ళు అలసిపోయిన మాటా నిజమే. ఏది ఎక్కువో అతనే చెప్పలేడు.

నెల రోజులు పొత్తులు వచ్చాయి. తర్వాత ఒకరోజు రాలేదు. మర్నాడూ రాలేదు. మూడోరోజు సూదన్న గుట్ట దగ్గరికి వెళ్ళాడు. కోరయ్య తన మందనంతా తోలుకొచ్చి గుట్టను తలకిందులు చేసేశాడు. దుంపలు లేవు. తలలూ లేవు. తీగలు ఎండలో వాడిపోయి పడున్నాయి.

"పొత్తులేవి కోరయ్యా?"

"చేను కోసేశారు. లేనిది ఎక్కడ తెచ్చేది?"

"మరి నా గుట్ట?"

"ఇదిగో, తీసుకో. ఇక్కడ నాకేం పని?" అని కోరయ్య మందతో వెళ్ళిపోయాడు.

ఆ వేసవిలో వాళ్ళు చెట్ల బెరడు గీక్కుని తిన్నారు. చిట్టికి అది అరగలేదు. రోజురోజుకీ చిక్కిపోయింది. చివరికి సూదన్న ఆ పిల్లను వాగు అవతల ఉన్న బావమరిది బోడన్న ఇంటికి తీసుకెళ్ళాడు.

"బావా, పిల్లను మేం చూసుకుంటాం" అన్నాడు బోడన్న. తన పాదులోంచి కొన్ని దుంప తలలు తీసి ఇచ్చాడు. "ఇవి తినకు. పాతుకో."

సూదన్న వాటిని తిననూ లేదు, ఇంటి దగ్గర పిల్లలను తాకనివ్వనూ లేదు. దారిపొడుగునా ఆకలి. అయినా ఒక్కటి కూడా తగ్గకుండా గుట్టకు చేర్చాడు. నేరేడి ఒక్క మాట కూడా దెప్పలేదు. పక్కన కూర్చుని గుంటలు తవ్వింది. ఇద్దరూ ఆ తలలను పాతి, మట్టి కప్పి, వాన కోసం చూశారు.

రెండు వానాకాలాలు గడిచాయి. అన్నాళ్ళూ బెరడు తింటూ గుట్టకు కాపలా కాశారు, వాగు దాటే తీరికే లేకపోయింది. తీగలు పాకాయి. దుంపలు సన్నగానే ఊరాయి, కానీ ఐదు కడుపులకు చాలు. సూదన్న ఆ రోజే వాగు దాటి చిట్టి కోసం వెళ్ళాడు.

చిట్టి బాగా ఎదిగింది. ముళ్ళు పొడుగ్గా వచ్చాయి. సూదన్నను చూసి గబుక్కున బోడన్న భార్య వెనక్కి వెళ్ళి దాక్కుంది.

"అత్తా, ఈయన ఎవరు?" అని అడిగింది.

నీతి: పెద్దలిచ్చిన నేల మన ఒక్కరిదే కాదు, ఆలుబిడ్డల కూడు కూడా. దాన్ని వదులుకునే ముందు వాళ్ళ మాట వినాలి. పోయిన నేల మళ్ళీ పండినా, పోయిన రోజులు తిరిగి రావు.