బుల్లెమ్మ దగ్గర మిగిలిన గిజిగాడు

మద్దిగుంట అడవిలో ఉడుతలు, ముంగిసలు, గువ్వలు, గిజిగాళ్లు, ఒక పెద్ద ఎలుగుబంటి ఉండేవి. గువ్వలకు గూడు కట్టడం సరిగా రాదు. నాలుగు పుల్లలు అడ్డంగా పేర్చి గుడ్లు పెట్టేవి. గాలి వీస్తే గుడ్లు కిందపడేవి.

అది చూసి బుల్లెమ్మ అనే ఉడుత చిన్న అల్లికశాల పెట్టింది. ముగ్గురు గిజిగాళ్లు అక్కడ గువ్వలకు గూళ్లు అల్లేవారు. గువ్వలు బదులుగా గింజలు తెచ్చిచ్చేవి. పక్క చెట్టు దగ్గర ముంగిస జంబయ్య కూడా అలాంటి శాలే నడిపేవాడు.

ఆ ఏడు వాగు అవతల ఎలుగుబంటి పెద్ద అల్లికశాల తెరిచింది. "మా దగ్గరికి వస్తే రోజూ జొన్నకంకులు పెడతాం" అని చాటించింది. వారం తిరగకముందే బుల్లెమ్మ గిజిగాళ్లలో ఇద్దరు వెళ్లిపోయారు.

మూడో గిజిగాడు సోమన్న ఒక్కడే మిగిలాడు. వానలకు పది రోజులే ఉన్నాయి. ఇంకా పన్నెండు గూళ్లు అల్లాలి. బుల్లెమ్మకు తిండి సహించలేదు. సోమన్న రెక్క విదిలిస్తే చాలు, ఎగిరిపోతున్నాడేమోనని గుండె జారిపోయేది.

జంబయ్య నవ్వాడు. "ఇంత దిగులెందుకు బుల్లెమ్మా? నా గిజిగాళ్ల కాళ్లకు తీగలు కట్టేశాను. ఎక్కడికి పోతారు? నువ్వూ కట్టెయ్!"

బుల్లెమ్మ నిజంగానే తీగ తెచ్చింది. సోమన్న తలవంచుకుని గూడు అల్లుతున్నాడు. అతణ్ణి అలా చూశాక ఆమెకు కట్టేయబుద్ధి కాలేదు. తీగ పారేసింది.

"సోమన్నా, దాచకుండా చెప్పు. నువ్వూ వెళ్లిపోతావా?"

"వెళ్దామనే అనుకుంటున్నానమ్మా. కంకుల కోసం కాదు. మూడేళ్లుగా నాచేత గూటి మూతి ఒక్కటే అల్లిస్తున్నారు. వానకు తట్టుకునే కొత్త ముడి ఒకటి కనిపెట్టాను. చెప్పబోతే వినే తీరిక మీకు లేకపోయింది."

బుల్లెమ్మ సిగ్గుపడింది. "తప్పు నాదే. ఇకమీదట గూడు ఎలా అల్లాలో నువ్వే చెప్పు. గింజల్లో నీకూ సమాన వాటా. అయినా వెళ్లాలనిపిస్తే ఆపను."

సోమన్న మళ్లీ గూడు అల్లడంలో మునిగిపోయాడు.

మర్నాడు పొద్దున బుల్లెమ్మ వచ్చేసరికి కొమ్మ ఖాళీగా ఉంది. సోమన్న వెళ్లిపోయాడనే అనుకుంది. కాసేపటికి సోమన్న ముక్కున పొడవాటి తుంగపోచ పట్టుకుని వాలాడు.

"కొత్త ముడికి పచ్చి తుంగ కావాలమ్మా. వాగు దాకా వెళ్లాను. రండి, మీకూ నేర్పుతాను."

ఇద్దరూ కలిసి అల్లారు. వాన రెండు రోజులు ముందే వచ్చింది. తొమ్మిది గూళ్లే పూర్తయ్యాయి. మిగతా మూడు గువ్వలకు బుల్లెమ్మ తన తొర్రలో చోటిచ్చింది. గాలివానకు తొమ్మిది గూళ్లలో ఒక్కటీ ఊడిపడలేదు.

జంబయ్య గిజిగాళ్లు మాత్రం కోపంతో వదులుగా అల్లారు. వానకు ముందురోజు తీగలు తెంపుకుని ఎగిరిపోయారు. అతనిచ్చిన గూళ్లన్నీ రాలిపోయాయి. గువ్వలు మళ్లీ అతని గడప తొక్కలేదు.

వానలు వెలిశాక ఆ గిజిగాళ్లలో ఇద్దరు బుల్లెమ్మ దగ్గరికి వచ్చారు. "మాకూ ఆ ముడి నేర్పుతారా?" అని అడిగారు.

"సోమన్నను అడగండి. ఇక్కడ అల్లిక పెద్ద అతనే" అంది బుల్లెమ్మ.

నీతి: పనిమంతులను కట్టేసి నిలుపుకోలేం, వారి మాట విని, ఎదిగే చోటిస్తేనే మనతో ఉంటారు.