జోడుపీర్ల జెండా

నెల్లూరు సీమలో, సరుగుడు తోపులు దాటి సముద్రం వైపు నడిస్తే ఎత్తయిన ఇసుక దిబ్బ ఒకటి కనిపిస్తుంది. దానిని జోడుపీర్ల మిట్ట అంటారు. పైన దర్గాలో హుబైర్ వలీ, ఆసిం వలీ సమాధులు పక్కపక్కనే ఉన్నాయి. మతభేదం లేకుండా జాలర్లు, రైతులు వచ్చి చాదర్లు సమర్పిస్తారు.

పూర్వం ఈ ఇద్దరూ అరబ్బు దేశపు తొలి సైన్యాలలో రౌతులు. పినతండ్రి కొడుకైన ఆసింకు గుర్రపుస్వారీ నేర్పినవాడు హుబైరే. పారసీకుల మీదికి దండు కదిలిన నాడు జెండా మోసే గౌరవం తనదేనని హుబైర్‌కు గట్టి నమ్మకం. కొత్త తలపాగా చుట్టి ముందు వరుసలో నిలబడ్డాడు. సేనాధిపతి అతన్ని దాటి వెళ్లి, జెండాను ఆసిం చేతిలో పెట్టాడు.

హుబైర్ తమ్ముణ్ణి కౌగిలించుకున్నాడు. ఆ పూట నుంచి అతనికి తిండి సహించలేదు. ఎవరైనా ఆసింను మెచ్చుకుంటే తాను ఇంకా ఎక్కువ మెచ్చుకుని, పక్కకు వెళ్లి పళ్లు కొరికేవాడు. "అన్నా, నేను పట్టుకునే తీరు సరిగా ఉందా?" అని ఆసిం అడిగితే అది ఎగతాళిలా వినిపించేది.

యుద్ధంలో ఏటి గట్టున శత్రువులు ఆసింను చుట్టుముట్టారు. "అన్నా" అన్న పిలుపు హుబైర్ చెవిన పడింది. అతను కళ్లెం బిగబట్టాడు. రెప్పపాటే. అంతలో ఆసిం కుడి చెయ్యి తెగిపడింది. ఎడమచేత్తో జెండాను ఒడిసిపట్టాడు. అప్పుడు హుబైర్ గుర్రాన్ని దూకించి తమ్ముణ్ణి కాపాడాడు.

దండంతా తెగిన ఆ చేతిని వేనోళ్ల పొగిడింది. సిగ్గుతో కుమిలిపోతూనే హుబైర్ ఆ గాయాన్ని చూసి కూడా అసూయపడ్డాడు.

కొన్నాళ్లకు సేనాధిపతి అతన్ని పిలిపించాడు. "ఇక జెండా నీది. నీకే ఇమ్మని ఆసిం అడిగాడు" అన్నాడు.

ఇన్నాళ్లూ కోరుకున్న కర్రను పట్టుకోవడానికి హుబైర్‌కు చెయ్యి రాలేదు. నేరుగా ఆసిం గుడారానికి వెళ్లాడు.

"నువ్వు పిలిచినప్పుడు నేను ఆగాను."

"చూశాను."

"చూసి కూడా ఇమ్మన్నావా?"

"నాకిచ్చిన రోజున నీ ముఖం కూడా చూశాను అన్నా. అప్పుడే నీకు ఇచ్చేయాల్సింది. నాకూ ఆశ పుట్టింది."

ఇక ఒంటరిగా జెండా ఎత్తనని హుబైర్ ఒట్టు పెట్టుకున్నాడు. ఆనాటి నుంచి ఇద్దరూ చెరొక చెయ్యి వేసి మోశారు. తరువాత యుద్ధాలు విడిచి, గుర్రాల వర్తకుల ఓడలో ఈ తీరానికి చేరి, ఈ మిట్టపై ఆ జెండా నాటి దైవధ్యానంలో గడిపారు. ముసలితనంలో కూడా జాలర్లు ముందుగా ఆసింకు సలాం చేస్తే హుబైర్ ముఖం తిప్పుకునేవాడట. ఆ వెంటనే, వచ్చి జెండా పట్టుకోమని తమ్ముణ్ణి పిలిచేవాడట.

నేటికీ గంధం ఉత్సవంలో మొక్కుకున్నవారు జంటగానే జెండా మోస్తారు. ఎవరిని చూస్తే కడుపు మండుతుందో వారినే వెంట తెచ్చుకోవాలి. ఒంటరిగా వచ్చినవారిని దర్గా సేవ చూసే ముజావరు నెమలీకలతో దీవిస్తారు గాని, కర్ర చేతికివ్వరు. "వెళ్లి పిలుచుకురండి" అంటారు. కలిసి పైకి చేరినవారి ఇళ్లపై పీర్ల చల్లని చూపు ఉంటుందని నమ్మకం. తోడికోడళ్లు, పక్కపక్క దుకాణాలవారు, మాటలు లేని అన్నదమ్ములు వస్తారు. మిట్ట ఎక్కేటప్పుడు ఇసుకలో కాలు కూరుకుపోతుంది. అప్పుడు పక్కవారి వైపు చూడక తప్పదు.