ఫ్లెక్సీలో తెల్లటి పళ్లు

మేడిగట్టుపల్లిలో జానయ్య అనే ఫొటోగ్రాఫర్ ఉండేవాడు. ఎవరి ముఖంలోనైనా మచ్చ కనబడితే దాన్ని చెరిపేసేదాకా అతని చెయ్యి ఊరుకునేది కాదు.

ఆ ఊళ్లో అతనికి పనికి కొదవ ఉండేది కాదు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఆ నీళ్లు తాగి పెరిగినవాళ్ల పళ్ల మీద గోధుమరంగు చారలు ఉండేవి. ఎంత తోమినా పోయేవి కావు. నవ్వొస్తే ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకునేవారు, మగవాళ్లు తువ్వాలు అడ్డం పెట్టుకునేవారు. జానయ్య స్టూడియోలో మాత్రం ఆ తిప్పలు ఉండేవి కావు. "పళ్లు కనబడేటట్టు నవ్వుండ్రి. మిగతాది నేను చూసుకుంట" అనేవాడు. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కొక్క పన్నూ తెల్లగా చేసి ఫొటో చేతికిచ్చేవాడు. వాళ్లు దాన్ని చూసుకుని మురిసిపోయేవారు. ఇంక పెళ్లిచూపులకు పంపే ఫొటోల సంగతి చెప్పక్కర్లేదు.

జానయ్య పళ్లూ అలాంటివే. ఊరందరినీ నవ్వమనేవాడు తాను మూతి బిగించుకుని తిరగడం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. చివరికి పట్నం వెళ్లి, పళ్ల డాక్టరు దగ్గర ముందు పళ్లన్నిటికీ తెల్లటి తొడుగులు వేయించుకున్నాడు. అందులో తప్పేమీ లేదు. నేనైనా అదే చేద్దును. పని అయ్యాక డాక్టరమ్మ అద్దం చేతికిస్తూ ఒక మాట చెప్పింది.

"ఈ మచ్చలు పైన అంటుకున్నవి కావండీ. చిన్నప్పుడు చిగుళ్ల లోపల పన్ను తయారయ్యేటప్పుడే, తాగిన నీళ్ల వల్ల వచ్చాయి. మీకు పిల్లలున్నారా?"

"ఇద్దరు మేడం. పాపకు పాలపళ్లు ఊడుతున్నయ్. బాబు చంటోడు."

"అయితే ముందు వాళ్లు తాగే నీళ్లు మార్చండి. నేను పైపైన తొడగగలను. లోపల తయారయ్యేదాన్ని బాగు చేయలేను."

జానయ్య తల ఊపాడు. చూపు మాత్రం అద్దం మీదే ఉంది. ఆ మాట ఈ చెవితో విని ఆ చెవితో వదిలేశాడు. బస్సు కిటికీలో తన నవ్వు తానే చూసుకుంటూ ఇల్లు చేరాడు.

కొన్నాళ్లకు ఊరికి ఒక కబురు వచ్చింది. చుట్టుపక్కల ఊళ్లన్నిటా నీళ్లు చెడ్డవే అయినా, నీళ్లు శుద్ధి చేసే ప్లాంటు ఆ ఏడు ఒక్క ఊరికే ఇస్తారట. పిల్లలకు ఎక్కడ ఎక్కువ బాధగా ఉందో చూడడానికి ఇంజినీరు వస్తున్నాడట. సర్పంచ్ అండాలమ్మ వెంటనే స్టూడియోకు వచ్చింది. పెద్దావిడ, నోట్లో ఒక్క పన్నూ లేదు, మాటకు మాత్రం పదునెక్కువ.

"జానయ్యా, బడి పిల్లల నోళ్లు తెరిపిచ్చి ఫొటోలు తియ్యి. పెద్ద ఫ్లెక్సీ చేపిచ్చి పంచాయతీ ఆఫీసు ముంగట కట్టు. వచ్చినాయన కండ్లార చూడాలె" అంది.

జానయ్య ఫొటోలు తీశాడు. కంప్యూటర్ మీద ఆ గోధుమరంగు పళ్లన్నీ ఒక్కచోట చూసేసరికి అతనికి తల కొట్టేసినట్టయింది. ఇది పంచాయతీ ఆఫీసు ముందు నలుగురూ చూసేలా కడితే ఊరి పరువేం కావాలి? రేపు ఈ పిల్లలకు సంబంధాలు ఎవరిస్తారు? అలవాటు పడ్డ చెయ్యి కదా, ఊరుకోలేదు. పిల్లలందరి పళ్లూ తెల్లగా చేసేశాడు. ఫ్లెక్సీ సరిగ్గా ఇంజినీరు వచ్చే వేళకు వచ్చి గోడకెక్కింది.

ఇంజినీరు జీపు దిగి దాన్ని కాసేపు చూశాడు. "ఈ పిల్లల పళ్లు బాగానే ఉన్నాయి కదమ్మా?" అన్నాడు.

అండాలమ్మ తలెత్తి చూసి నిలువునా నీరుగారిపోయింది. "అవి అసలువి కావు సార్. మావోడు రంగేసిండు" అంది.

"అయితే అసలువి చూపించండి."

"నావి ఎప్పుడో ఊడిపాయె, నేనేం చూపియ్యాలె? పిల్లలూ, నోళ్లు తెరువుండ్రి."

పిల్లలు తలలెత్తి ఫ్లెక్సీ వైపు చూశారు. అక్కడ తమ ముఖాల్లోనే అంత తెల్లటి పళ్లు మెరుస్తుంటే, దాని కింద నిలబడి ఈ పళ్లు ఎలా చూపిస్తారు? పెదాలు గట్టిగా మూసుకున్నారు. పెద్దవాళ్ల కొంగులూ తువ్వాళ్లూ ఎప్పట్లాగే మూతికి వచ్చాయి. ఆ గుంపులో పళ్లు బయటపెట్టి నవ్వుతున్నవాడు జానయ్య ఒక్కడే.

"మా ఊరు మంచిగనే ఉంటది సార్" అన్నాడు.

ఇంజినీరు తల పంకించి వెళ్లిపోయాడు. ప్లాంటు పక్క ఊరికి పోయింది.

"నేను ఊరి పరువు కాపాడిన" అని జానయ్య వాదించాడు.

"నీ పళ్లు తెల్లగయినయ్ బిడ్డా. ఊరి నోరు మాత్రం మూతపడ్డది" అంది అండాలమ్మ. ఆ తర్వాత చాలా రోజులు అతనితో మాట్లాడలేదు.

ఇంతలో జానయ్య కూతురు సింధుజకు కొత్త పళ్లు వచ్చాయి. బడికి ఫొటో కావాలంటే స్టూడియోలో కూర్చోబెట్టి "నవ్వు బిడ్డా" అన్నాడు. ఆ పిల్ల అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. బతిమాలి చెయ్యి తీయించాడు. ముందు పళ్ల మీద చారలు. అచ్చం తన చిన్ననాటి పళ్లే.

"నాయినా, ఫ్లెక్సీల అందరికి చేసినట్టు నాకు గూడ తెల్లగ చెయ్యవా?" అంది సింధుజ.

జానయ్య ఫొటో తీసి, పళ్లు తెల్లగా చేసి చూపించాడు. ఆ పిల్ల ముఖం వెలిగింది. గబగబా వెళ్లి గోడ అద్దం ముందు నిలబడి నోరు తెరిచింది. కాసేపు అలాగే చూసుకుంది.

"గిక్కడ పోలేదు నాయినా" అంది మెల్లగా.

డాక్టరమ్మ మాట జానయ్యకు అప్పటికి గానీ చెవికెక్కలేదు. కూతురి పళ్లకు ఎటూ ఆలస్యమైపోయింది. మరి చంటివాడి పళ్లు? అవి ఇంకా చిగుళ్ల లోపల తయారవుతూనే ఉన్నాయి. స్టూడియో తలుపు కూడా వెయ్యకుండా ఇంటికి పరుగెత్తాడు. భార్య పుష్పలత చంటివాడికి బోరు నీళ్లు తాగిస్తోంది. ఆ గ్లాసు లాక్కుని వాకిట్లో పారబోశాడు. ఆమె తెల్లబోయి చూసింది. జానయ్య అక్కడే కూలబడి, డాక్టరమ్మ చెప్పిందీ తాను చేసిందీ అంతా చెప్పుకుని ఏడ్చాడు. ఆ పూటే బిందె బండికి కట్టుకుని, పక్క ఊరి ప్లాంటుకు వెళ్లి నీళ్లు తెచ్చాడు.

తన ఇంటికి బిందె తెచ్చుకుంటే మిగతా ఇళ్ల చంటిపిల్లల సంగతేమిటి? మర్నాడు అండాలమ్మ ఇంటికి వెళ్లి చేతులు జోడించాడు. ఆమె కడుపునిండా తిట్టింది. తిట్టి, అతన్ని వెంటబెట్టుకుని ఇంజినీరు ఆఫీసుకు నడిచింది. ఎన్నిసార్లు తిరిగారో గానీ, చివరికి ఆయన మళ్లీ రావడానికి ఒప్పుకున్నాడు.

ఈసారి ఫ్లెక్సీలో ఏ పన్నుకూ రంగు పడలేదు. పిల్లల ఫొటోల నడుమ పాత ఫొటో ఒకటి ఉంది. నిక్కరు వేసుకున్న ఒక కుర్రాడు, చారల పళ్లతో పడిపడి నవ్వుతున్నాడు.

"ఇతనెవరు?" అన్నాడు ఇంజినీరు.

"నేనే సార్. ఇన్నేండ్లు దాచిపెట్టిన" అన్నాడు జానయ్య. తన తొడుగుల మీద వేలు పెట్టి, "ఇవి డాక్టరమ్మ పెట్టినవి. ఈ ఊరి నీళ్లు నాకిచ్చినవి అవి" అని ఫ్లెక్సీ చూపించాడు. తర్వాత జనం వైపు తిరిగాడు. స్టూడియోలో అనే మాటే అన్నాడు. "నవ్వుండ్రి. చిన్నోళ్ల కోసం నవ్వుండ్రి."

ముందుగా సింధుజ నోటి మీది చెయ్యి తీసేసింది. ఆమె పక్కనున్న పిల్ల తీసింది. తర్వాత ఒక కొంగు దిగింది, ఒక తువ్వాలు దిగింది. ఇంజినీరు ఒక్కొక్కరి దగ్గరా ఆగి చూశాడు.

మరుసటి ఏడు మేడిగట్టుపల్లికి ప్లాంటు వచ్చింది. జానయ్య కొడుకు పెరిగి పాలపళ్లు ఊడాక, కొత్త పళ్లు మచ్చ లేకుండా వచ్చాయి. సింధుజ పెద్దదయ్యాక ఆ డాక్టరమ్మ దగ్గరే తొడుగులు వేయించుకుంది. ఆ రోజు జానయ్య ఆమెకు ఫొటో తీశాడు. దాన్నీ, దాని పక్కనే ఆమె చిన్నప్పటి చారల పళ్ల ఫొటోనూ స్టూడియో గోడకు తగిలించాడు. అడిగినవాళ్లకల్లా రెండూ చూపిస్తూ ఇలా చెప్పేవాడు: మచ్చను కప్పుకుని నవ్వడం తప్పు కాదు, కానీ ఆ మచ్చ ఎందుకొచ్చిందో కప్పిపెడితే అది మన పిల్లల నోట్లో మళ్లీ మొలుస్తుంది.