పిల్లని ఒంటరిగా వదలని ముగ్గురు

ఆ యూనివర్సిటీ హాస్టల్లో గుమస్తా తవిటయ్య, మేట్రన్ సింహాచలమ్మ, మెస్సు చూసే గుర్నాథం, ముగ్గురికీ ఒకటే నమ్మకం: తెలివంటే తమదే. పైగా పిల్లల దిగులు ఎలా పోగొట్టాలో ఒకపూట శిక్షణ విని వచ్చారాయె, తవిటయ్యకి కాళ్ళు నేలమీద ఆనడం లేదు.

శిక్షణ ఇచ్చిన మేడమ్ చెప్పింది నాలుగు ముక్కలే. దిగులుపడ్డ పిల్లని ఒంటరిగా వదలకండి. మొహంలోకి గుచ్చిగుచ్చి చూడకండి. సలహాలివ్వకుండా వినండి. విన్నది బయటికి పొక్కనివ్వకండి.

మర్నాడే హైమ అనే ఫస్టియర్ పిల్ల ఏడుస్తూ పెట్టెతో మెట్లు దిగింది. చదువు మానేసి సొంతూరు పాలకొండ పోతానంది. ఎందుకో చెప్పలేదు. తవిటయ్య మిగతా ఇద్దరినీ కేకేశాడు. ఇప్పుడు వెళ్ళిందంటే ఈ పిల్ల మళ్ళీ రాదు. ఇంకేముంది, ముగ్గురూ వెంటపడ్డారు. కుళాయి దగ్గరికెళ్తే కుళాయి దగ్గరికి, బాత్రూముకెళ్తే తలుపు దాకా. ఆ పిల్ల విసుక్కుని బస్టాండుకి నడిచింది. అంతే, వీళ్ళూ తలలొంచుకుని నడిచారు. గుర్నాథం వెళ్ళి వెళ్ళి అరటిపళ్ళ బండిమీద పడ్డాడు.

బస్టాండులో బోర్డులేని బస్సులు రెండున్నాయి. పాలకొండ బస్సేదని హైమ అడిగింది. తవిటయ్యకి తెలుసు. కానీ చెబితే సలహా అయిపోదూ? సింహాచలమ్మయితే కొంగు నోట్లో కుక్కుకుంది. ఈలోగా పాలకొండ బస్సు కాస్తా వెళ్ళిపోయింది.

పిల్ల బెంచీమీద కూలబడి, చెప్తాను గానీ ఎవరికీ చెప్పకూడదంది. ముగ్గురూ ఒట్టేశారు. వేశాక తవిటయ్యకి గుబులు పట్టుకుంది. చెవిన పడ్డ మాట నోట్లోంచి జారకుండా ఉంటుందా? సింహాచలమ్మ సంచీలో దీపం వత్తులకి కొన్న పత్తి ఉంది. ఇంకేముంది, ఆరు చెవులూ నిండిపోయాయి.

హైమ గంటసేపు చెప్పుకుంది. లెక్కల్లో తప్పడం, నాన్నకి చెప్పలేకపోవడం, అన్నం సహించకపోవడం, అన్నీ. వంచిన తలలు ఊగుతూనే ఉన్నాయి. పిల్ల కళ్ళు తుడుచుకుంది.

"ఇంత శ్రద్ధగా నా మాట ఎవరూ వినలేదు సార్. పరీక్ష మళ్ళీ రాస్తాను."

దణ్ణం పెట్టి, పెట్టె తీసుకుని హాస్టలుకి వెళ్ళిపోయింది.

మెడ నొప్పెట్టి తవిటయ్య తలెత్తేసరికి బెంచీ ఖాళీ, ఎదురుగా ఇంకో పాలకొండ బస్సు కదులుతోంది. పిల్ల అందులోనే ఉందనుకుని, చెవుల్లో పత్తి పీకేసి, ఒంటరిగా వదిలేశామని లబోదిబోమంటూ ముగ్గురూ పరిగెత్తి ఎక్కారు.

పాలకొండలో ఇల్లు వెతికి పట్టుకున్నారు. హైమ తండ్రి మా అమ్మాయికేమైందని ఎంత అడిగినా గుమ్మంలో తలలొంచుకు కూర్చున్నారు. ఆయన గబగబా కూతురికి ఫోన్ చేశాడు. హైమ అన్నం తింటోంది. లెక్కల సంగతి తండ్రికి తనే చెప్పేసింది. ఆయన కోప్పడలేదు, మళ్ళీ రాద్దువులేమ్మా అన్నాడు.

ఫోన్ పెట్టేసి, తడి కళ్ళతో తవిటయ్య చేతులు పట్టుకున్నాడు. "మా పిల్ల గోడంతా ఓపిగ్గా విన్నారట బాబూ."

తవిటయ్య నొచ్చుకున్నాడు.

"మేమా? ఒక్క ముక్క వింటే ఒట్టు!"