పిలుపు లేని పడుగు

ఉత్తరాది జిల్లా నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ వీరన్నపేట నేతవీధికి వచ్చిన లింగమూర్తి పనిలో దిట్టేగాని, పిలవనిదే ఎవరి గుమ్మమూ తొక్కని బిగువు మనిషి.

సొంత ఊళ్లో నేతపని చచ్చిపోయింది. మగ్గాలు ఒక్కొక్కటే గుంటల్లోంచి లేచి పొయ్యిల్లోకి పోయాయి. తన మగ్గం పొయ్యి పాలు కాకముందే విప్పి మూటకట్టి, భార్య పైడమ్మను వెంటబెట్టుకుని లింగమూర్తి ఈ ఊరు చేరాడు. ఇక్కడ పని ఉంది. తిండికి లోటు లేదు. కానీ పంపు దగ్గర పైడమ్మ నోరు విప్పితే చాలు, ఆ యాసకు ఆడవాళ్లు మూతికి కొంగు అడ్డం పెట్టుకునేవారు. లింగమూర్తిని అందరూ ‘వచ్చినాయన’ అనేవారు. రెండేళ్లు గడిచినా ఆయన ఇంకా వస్తూనే ఉన్నట్టు ఆ పేరు మారలేదు.

నేతవీధిలో అందరూ కలిసి చేసే పని ఒకటుండేది. మగ్గానికి ఎక్కించే ముందు పడుగు నూలును, అంటే నిలువు పోగులను, తెల్లవారగానే వీధి పొడవునా చాపి, గంజి పట్టించి, అటూ ఇటూ మనుషులు నిలబడి పెద్ద కుంచెలను చెరో కొసా పట్టుకుని దువ్వేవారు. గంజి ఆరిపోకముందే దువ్వడం అయిపోవాలి. ఆలస్యమైతే పోగులు ఒకదానికొకటి అంటుకుని అట్టకట్టిపోతాయి. అది ఒకరిద్దరి వల్ల అయ్యే పని కాదు. అందుకే ఎవరి పడుగు చాపినా వీధి మొత్తం వచ్చి చెయ్యి వేసేది.

లింగమూర్తి ఒక్కనాడూ వెళ్లలేదు. వాళ్ల ఊళ్లో పడుగు చాపేవాడు ముందురోజే ఇంటింటికీ వెళ్లి, ఆకూ వక్కా ఇచ్చి పిలిచేవాడు. పిలవకుండా వెళ్లి ఒకరి నూలు ముట్టుకోవడం అక్కడ తప్పు. ఇక్కడ ఎవరూ ఆయనకు ఆకూ వక్కా ఇవ్వలేదు. పరాయివాళ్లమని దూరం పెడుతున్నారని ఆయన తీర్మానించుకున్నాడు. ఎదురింటి చెంచురామయ్య పడుగు వీధిలో పరుచుకున్నప్పుడల్లా తలుపు వేసుకుని మగ్గం గుంటలో కూర్చునేవాడు. తనను పిలవనివాళ్లను తానెందుకు పిలవాలని, చిన్నచిన్న పడుగులు తెచ్చుకుని పెరట్లోనే భార్యతో కలిసి తంటాలు పడేవాడు.

ఒకసారి, వీధికి నూలిచ్చి నేయించుకునే షావుకారు ఆయనకు సన్ననూలు చీరల పడుగు ఇచ్చాడు. చాలా పొడుగైన పడుగు. ఇది బాగా నేస్తే ఇకమీదట చీరల పనే ఇస్తానన్నాడు. చెడగొడితే మళ్లీ సన్ననూలు ఇంటికి రాదని కూడా చెప్పాడు. పెరట్లో అది పట్టదు. వీధిలోనే చాపాలి.

“ఎదురింటాయన్ని ఒక్కమాటు అడిగితే ఏటి పోతాది?” అంది పైడమ్మ.

“మనల్ని ఒక్కనాడైనా పిలిచారా?” అన్నాడు లింగమూర్తి.

రెండేళ్లుగా విన్న మాటే అది. పైడమ్మ గంజి కాచడానికి లేచింది.

తెల్లవారింది. మొగుడూ పెళ్లాలిద్దరే పడుగు చాపి గంజి పట్టించారు. వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. జనం అరుగుల మీదికి వచ్చారు గాని, ఒక్కరూ కిందికి దిగలేదు. తమ పడుగుకు ఏనాడూ చెయ్యి వెయ్యని మనిషికి తామెందుకు వెయ్యాలని వాళ్ల పట్టుదల. చెంచురామయ్య అరుగు మీద కూర్చుని, నమిలిన వేపపుల్లనే మళ్లీ మళ్లీ నమిలాడు.

ఇంతలో పడమటి గాలి లేచింది. ఈ కొస దువ్వుతుంటే ఆ కొస ఆరిపోయింది. ఆ కొసకు పరుగెత్తితే నడుమ బిగిసింది. పైడమ్మ అరచేతులు బొబ్బలెక్కాయి. ఎండ పైకి వచ్చేసరికి సగం పడుగు చాపలా అట్టకట్టి ఉంది. లింగమూర్తి కుంచె కింద పెట్టేశాడు.

అప్పుడు దిగాడు చెంచురామయ్య. పోగులు విడదీయబోతే పుటుక్కున తెగాయి.

“ఏందయ్యా ఇది? ఇద్దరు చేసే పనా?” అన్నాడు.

“పరాయివాళ్లం. మాకెవరొస్తారు?”

“మా పడుగులు చాపినప్పుడల్లా తలుపేసుకుంది నువ్వు కాదా?”

“మీరు పిలవలేదు.”

చెంచురామయ్య తెగిన పోగులు ఎత్తి చూపించాడు. “పడుగుకి పిలుపేందయ్యా? గంజి ఆరిపోతా ఉంటే ఎవడన్నా పిలుపు కోసం చూస్తాడా?”

వీధి మట్టిలో చతికిలబడిన పైడమ్మ తలెత్తింది. గొంతులో కోపం కూడా మిగల్లేదు.

“మరి మా గంజి ఆరిపోతా ఉంటే మీరంతా ఏటి చూస్తన్నారు బాబూ?”

అరుగుల మీదివాళ్లు ఒక్కొక్కరే లోపలికి వెళ్లిపోయారు.

షావుకారు అన్నంత పనీ చేశాడు. లింగమూర్తి మగ్గం మీదికి ముతక తువ్వాళ్ల నూలే వచ్చింది. ఈ ఊరూ విడిచి పోదామా అని ఆయన ఆలోచించాడు. ఎక్కడికి పోయినా ఈ బిగువు వెంటే వస్తుందని పైడమ్మ చెప్పింది.

కొన్నాళ్లకు చెంచురామయ్య పడుగు వీధిలో పరుచుకుంది. ఎదురుగా, ఎప్పుడూ మూసుకునే తలుపు ఈసారి తెరుచుకుంది. లింగమూర్తి పంచె ఎగగట్టుకుని, ఎవరూ పిలవకుండానే వచ్చి పడుగు పక్కన నిలబడ్డాడు. చెంచురామయ్య కాస్త జరిగి, కుంచె రెండో కొస ఆయన చేతికిచ్చాడు. ఆ తర్వాత లింగమూర్తి తువ్వాళ్ల పడుగు చాపిన రోజున, అందరికంటే ముందు అరుగు దిగినవాడు చెంచురామయ్యే.

సన్ననూలు మాత్రం మళ్లీ రాలేదు. పోయిన నమ్మకం అంత తొందరగా తిరిగిరాదు. పాత పేరు కూడా పోలేదు. కాకపోతే ఇప్పుడు “వచ్చినాయనా, ఆ కొస పట్టుకో” అనేవారు. ఆయన పట్టుకునేవాడు.

పిలుపు కోసం గుమ్మంలో కూర్చున్నవాడు ఏ ఊరు వెళ్లినా పరాయివాడే. పొరుగువాడి కష్టం అరుగు మీద కూర్చుని చూసేవాడు పుట్టిన ఊళ్లో ఉన్నా పరాయివాడే.