ఓబులమ్మ దాచిన శనక్కాయలు

ఎర్రగుట్ట వాలులో శనక్కాయ చేలు విరగకాసిన రోజులవి. రైతులు చెట్లు పీకి బండ్లకెత్తుకుని వెళ్లిపోయాక, మట్టిలో మిగిలిన కాయలన్నీ గుట్ట మీది జంతువులవే. సాయంత్రం ఎండ చల్లబడగానే కుందేళ్లు, కౌజుపిట్టలు, ఎలుకలు చేను గట్టునున్న నల్లబండ మీద చేరేవి. ఎలుక పుల్లయ్య కాయలు ఒలుస్తూ పాట అందుకునేవాడు. అతని భార్య ఓబులమ్మ పక్కనే కూర్చుని తోకతో తాళం వేసేది.

ఓబులమ్మకొక అలవాటుండేది. ఒక కాయ తింటే ఇంకో కాయ బుగ్గన పెట్టుకుని పోయి బొరియ లోపలి అరలో దాచేది. ఇంత పంట కళ్లముందుంటే ఈ కూడబెట్టడమేంటని కుందేళ్లు నవ్వేవి. మా అత్త నేర్పిన పని, చెయ్యి ఊరుకోదు అంటూ ఆమె కూడా వాటితో కలిసి నవ్వేది.

తర్వాత వానలు మొహం చాటేశాయి. ఒక ఏడు విత్తిన చేలు నిలువునా ఎండిపోయాయి. మరుసటి ఏడు ఎవరూ విత్తనమే వెయ్యలేదు. పుల్లయ్య ఆ మధ్యే ముసలితనంతో పోయాడు. కుందేళ్లు గుట్ట విడిచి ఏటివైపు వెళ్లిపోయాయి. మిగిలినవాళ్లు ఒకరొకరుగా ఓబులమ్మ బొరియ దగ్గరికొచ్చి, అడగలేక అడగలేక అడిగారు.

ఆమె ఎవరినీ దెప్పలేదు. అరలోకి వెళ్లి చూసుకొచ్చి మాత్రం మాట తెగేసి చెప్పింది. వాన పడేదాకా ఉన్నవి ఇవే. పగలంతా గడ్డివేళ్లో పురుగులో ఎవరి తిండి వాళ్లు వెతుక్కోవాలి. పొద్దు వాలాక వస్తే తలా ఒక కాయ. పిల్లలున్న కౌజుపిట్టకు ఇంకొకటి ఎక్కువ. మోకాళ్లు పట్టేసి నడవలేకున్న ముళ్లపంది తిమ్మన్నకు తనే తీసుకెళ్లి ఇచ్చేది. ఎవరి ఆకలీ పూర్తిగా తీరలేదు, అయినా ప్రాణాలు నిలిచాయి.

ఈ సంగతి నక్క చిన్నప్పయ్య చెవిన పడింది. ఒకరోజు పొద్దున్నే వచ్చి, బొరియకు కాస్త ఎడంగా, ఎంతో మర్యాదగా కూర్చున్నాడు.

"ఏంటి వదినా, ఇట్లా చిక్కిపోయావు? పుల్లన్న ఉంటే నిన్నిట్లా చూడగలిగేవాడా?"

ఆ పేరు వినగానే ఓబులమ్మ బొరియ అంచుకొచ్చి కూర్చుంది.

నక్క నెమ్మదిగా పాత రోజులు ఎత్తుకున్నాడు. పచ్చికాయల వాసన, పాటలు, పరాచికాలు ఒక్కొక్కటే గుర్తుచేశాడు. గుట్ట అవతల వాన మొదలైందట, రేపో మాపో ఇక్కడా పడుతుందట, ఇంకా ఈ పస్తులెందుకని అడిగాడు.

"ఉన్నదంతా నల్లబండ మీద పోయించు వదినా. అందర్నీ పిలువు. ఒక్క పూట మునుపట్లా కడుపునిండా తిని పాడుకుందాం. నేనూ పుల్లన్న పక్కన కూర్చుని కాయలు ఒలిచినవాణ్ణేగా."

ఓబులమ్మ కళ్లు మూసుకుంది. బండ, నీరెండ, పాట అన్నీ కళ్లకు కట్టాయి. ఒక్క సాయంత్రమేగా, సరే అనేద్దామా అనిపించింది. పుల్లయ్య పక్కన ఎవరెవరున్నారో చూసుకుంది. ఒక పక్కన తను. రెండో పక్కన తిమ్మన్న, ముళ్లు విప్పుకుని, దారివైపు మొహం పెట్టి. రోజూ ఆయన అట్లా కాపలా కూర్చున్నది ఈ నక్క భయానికే. అందర్నీ ఒక్కచోట పట్టెయ్యాలని వీడు అప్పట్నుంచీ కాచుకుని ఉన్నాడు.

ఆమె కళ్లు తెరిచి మెత్తగా అంది. "మంచి మాట చెప్పావు అప్పయ్యా. కాయలు పక్క బొరియలో లోతుగా ఉన్నాయి. లాగడం నా వల్ల కాదు. రేపు పొద్దున వచ్చి తీసిపెడతావా?"

నక్క సంబరపడుతూ వెళ్లాడు. ఓబులమ్మ తిన్నగా తిమ్మన్న దగ్గరికి పోయి జరిగిందంతా చెప్పింది.

"మోకాళ్లు పోయాయి గానీ ముళ్లకేం కాలేదమ్మా" అన్నాడు తిమ్మన్న.

మర్నాడు ఓబులమ్మ చూపించిన బొరియలోకి నక్క భుజాలదాకా తల దూర్చాడు. అది తిమ్మన్న ఇల్లు. ఆయన వీపు ఇటు తిప్పి, ముళ్లన్నీ నిక్కబొడుచుకుని, వెనక్కి ఒక్క తోపు తోశాడు. నక్క అరుపు గుట్టంతా వినిపించింది. ముక్కు నిండా ముళ్లతో పరుగెత్తేవాణ్ణి చూసి కౌజుపిల్లలు విరగబడి నవ్వాయి. ఓబులమ్మకు మాత్రం నవ్వు రాలేదు. నక్క చెప్పింది అబద్ధమే అయినా, అది నిజమైతే బాగుండునని తను ఒక్క క్షణం కోరుకుంది.

వాన రేపో మాపో పడలేదు. వేసవి సాంతం గడిచింది. కాయకు బదులు పప్పు, పప్పుకు బదులు అందులో సగం పంచాల్సొచ్చింది. ఎండల్లో ఒక కౌజుపిల్ల చచ్చిపోయింది. చివరికి మబ్బు పట్టి మట్టి తడిసిన నాటికి ఓబులమ్మ అరలో పొట్టు తప్ప ఏమీ లేదు. మిగిలినవాళ్లంతా బయటికొచ్చి, బక్కచిక్కిన ఒళ్లు ఆ వానలో తడుపుకున్నారు.

పోయిన మంచిరోజుల్ని ఎంతైనా తలుచుకోండి, ఒక్క పూటకు వాటిని తెచ్చుకుందామని రేపటి తిండి మాత్రం పారబోసుకోకండి.