పంక్తిలోంచి లేపిన మాట

అనగా అనగా, కాలవ గట్టున ఒక ఊళ్ళో సోమాలమ్మ అని ఒక మంత్రసాని ఉండేది. ఆ ఊరి పిల్లల్లో సగంమంది ఆవిడ చేతుల్లో పడ్డవాళ్ళే తల్లీ. కూతురు పోతే, ఏడేళ్ళ మనవరాలు గంగిని తనే పెంచుకునేది.

ఒక ఏడు వానలు బాగా పడి కాలవ నిండింది. అప్పుడు ఊరంతా కలిసి సంతర్పణ పెట్టుకున్నారు. సోమాలమ్మ పొద్దున్నే ఎవరికో పురుడు పోసి, తలారా స్నానం చేసి, గంగిని వెంటబెట్టుకుని వచ్చింది. పంక్తిలో కూర్చుంది. పప్పు వడ్డించారు, నెయ్యి వేశారు, ముద్ద కలుపుకుంది.

అప్పుడు కరణం సూరపరాజు వచ్చాడు. "మా వరసలో నువ్వేమిటి? తులువదానా, లే" అన్నాడు.

ఆవిడ లేచింది. కలిపిన ముద్ద విస్తట్లోనే ఉండిపోయింది. అన్నం ముందు నుంచి మనిషిని లేపుతారుటే? తినే కుక్కనైనా అదిలించమే మనం! నూరుమంది ఉన్నారక్కడ. ఒక్కళ్ళు నోరెత్తలేదు.

ఆ తర్వాత ఆ మాట ఊరు తిరిగింది. నీళ్ళరేవులో ఆడవాళ్ళు గుసగుసలాడారు. బళ్ళో పిల్లలు గంగిని 'తులువపిల్ల' అన్నారు. గంగి ఏడుస్తూ ఇంటికొచ్చి, "అమ్మమ్మా, తులువ అంటే ఏమిటి? మనం అదేనా?" అని అడిగింది.

తనని అంటే ఓర్చుకుంది. పిల్లని అనేసరికి సోమాలమ్మ ఒళ్ళు మండింది. కొంగు బిగించి, చావడిలో పురాణం చెప్పే పేరయ్య పంతులింటికి వెళ్ళింది.

"పంతులుగారూ, నాకు చదువు రాదు. తులువ అంటే చదువు లేనివాళ్ళా? డబ్బు లేనివాళ్ళా?"

పంతులు తల వంచుకున్నాడు. "కాదమ్మా. అది పాతమాట. మోటుమనిషిని, పొగరుతో ఎదుటివాళ్ళని నొప్పించేవాణ్ణి కవులు తులువ అన్నారు. ఉన్నవాడైనా సరే, చదివినవాడైనా సరే, నడత చెడితే తులువే."

"ఆవేళ మీరు నా పక్క విస్తట్లోనే తింటున్నారు. ఈ అర్థం అప్పుడు తెలీదా?"

పంతులు లేచి పద్యాల పుస్తకం తీశాడు.

ఆ సాయంత్రం చావడిలో ఊరంతా కూర్చుంది. కరణం ముందు వరసలో ఉన్నాడు. పంతులు పద్యం చదువుతూ ఆ మాట దగ్గర ఆగాడు. అర్థం చెప్పాడు. "తినేవాళ్ళని విస్తరి ముందు నుంచి లేపేవాడే తులువ. అంతకన్నా వేరే ఉదాహరణ నాకు దొరకలేదు" అన్నాడు.

అందరూ కరణం వైపు చూశారు. కరణం మొహం కందిపోయింది.

అప్పుడు వెనకనుంచి సోమాలమ్మ లేచింది. "లేపినవాడికి పేరుంది, సరే. చూస్తూ అన్నం తిన్నవాళ్ళని ఏమంటారు పంతులుగారూ? దానికీ పద్యంలో మాటుందా?"

పంతులు పుస్తకం మూశాడు. "ఉన్నా లేకపోయినా, ఆ మాట ముందు నాకే తగులుతుందమ్మా" అన్నాడు. ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. కరణం చెప్పులు కూడా మరిచిపోయి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత మూడురోజులు అతని అరుగెక్కినవాళ్ళు లేరు. మొదటిరోజు కసురుకున్నాడు. రెండోరోజు తలుపేసుకున్నాడు. మూడోరోజు సోమాలమ్మ గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు.

"తప్పయిపోయింది సోమాలమ్మా."

"నాతో కాదు బాబూ. ఆ మాట మోసింది మా గంగి. దానికి చెప్పండి."

అంత కరణమూ నేలమీద గొంతుక్కూర్చుని, ఆ పిల్ల మొహంలోకి చూసి చెప్పాడు. "మీరు తులువలు కారమ్మా. ఆవేళ తులువనయింది నేను."

గంగి ఏమందో తెలుసా? "మరి బళ్ళో కూడా చెప్తారా?" అంది. చెప్పాడు. చెప్పక ఏం చేస్తాడు!

కథ నడిచి కంచి చేరె,
కునుకు నడిచి కంట చేరె,
మోటుమాట ఏట చేరె,
మా చిట్టి నా చెంత చేరె.